హైదరాబాదులో దూదేకిన రోజు

నాన్న అటక మీది విల్లు దించమన్నప్పుడు అమ్మ చేతిలో గరిటెతోనే వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"ఎందుకయ్యా ఇప్పుడది?" అంది.

"హైదరాబాదు పోవాలి" అన్నాడు నాన్న, అదేదో పక్కనున్న మార్టూరు వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా.

విల్లంటే బాణాలు వేసేది కాదు, దూది ఏకేది. దాదాపు మనిషెత్తు కర్ర, దాని చివర వెడల్పాటి చెక్క, ఈ కొస నుంచి ఆ కొసకు బిగించిన నరపు నారి. నారిని దూదిలోకి ఆనించి చెక్క గూటంతో మీటితే అది టుంయ్‌మని మోగుతుంది. ఆ అదురుకి గడ్డకట్టిన దూది విడిపోయి నురగలా పైకి లేస్తుంది. మాది దూదేకులవాళ్ళ కుటుంబం. మా తాత, ఆయన తర్వాత నాన్న ఈ విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పరుపులూ దిండ్లూ కుట్టినవాళ్ళే. నేను హైస్కూల్లో ఉండగా ఏకే మిషన్లు వచ్చాయి. నాన్న కూడా అప్పు చేసి ఒకటి పెట్టుకున్నాడు. విల్లు అటకెక్కింది. తర్వాత ఫోము పరుపులు వచ్చి మిషను కూడా మూలబడింది. ఇప్పుడు మా కొట్టు పక్కన రాళ్ళు పాలిష్ చేసే షెడ్డు ఉంది. నాన్న ఉదయం కొట్టు తెరిచి, దిండు గలేబుల మీద పడిన రాతిపొడి దులుపుకుని, మధ్యాహ్నం దాకా కూర్చుని వస్తాడు.

హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది అత్త. అత్త అంటే నాన్నకు సొంత అక్క కాదు. మా వెనక వీధి రైతు ఇంటి కోడలు. వాళ్ళు దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, మేం మసీదుకు వెళ్ళేవాళ్ళం. అయినా ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే నాన్నను తమ్ముడూ అని పిలిచింది, నాన్న అక్కా అన్నాడు. అందుకే మాకు అత్త. మామయ్య పోయాక కొడుకు దగ్గరికి వెళ్ళి అక్కడే ఉంటోంది. కొడుకు బ్యాంకులో చేస్తాడు, కోడలు స్కూల్లో. ఇద్దరూ మంచివాళ్ళే. ఆమె బాధ వాళ్ళతో కాదు, పరుపుతో.

"పరుపు రాయైపోయింది తమ్ముడూ" అంది ఫోన్లో. అత్త ఫోన్లో మాట్లాడితే స్పీకరు పెట్టక్కర్లేదు, గదంతా వినిపిస్తుంది. "వీపు కింద కంకర పోసుకుని పడుకున్నట్టుంది. మావాడు ఫోముది కొన్నాడు. దాని మీద పడుకుంటే ఊబిలో దిగబడ్డట్టుంది, పక్కకి ఒత్తిగిల్లాలంటే ఎవరో ఒకళ్ళు లాగాలి."

"లారీకి వేయించక్కా, ఇక్కడ ఏకి పంపిస్తా."

"లారీకి వేస్తే మళ్ళీ నా పరుపే నాకు వస్తుందని ఏంటి నమ్మకం? నువ్వే రా. మిషన్లో మాత్రం వేయనియ్యను. పాత దూది మిషన్లో వేస్తే పిండైపోద్దని నువ్వే చెప్పావు కదా. ఊరు చూసినట్టూ ఉంటుంది, నన్ను చూసినట్టూ ఉంటుంది. చార్మినారు చూపిస్తా రా."

నాన్నకు డెబ్బై దాటాయి. ఒక్కణ్ణే పంపడం అమ్మకు ఇష్టం లేదు. నేను నల్లపాడులో ఉంటాను, బ్రాడీపేటలో ఒక టైలరింగు షాపులో జాకెట్లు కుడతాను. గలేబు కుట్టడానికి ఇంకో చెయ్యి కావాలి కాబట్టి నేను వెళ్ళాలని తేల్చారు. తేల్చకపోయినా వెళ్ళేదాన్నే. నలభైకి దగ్గరపడుతున్నా నేనూ హైదరాబాదు చూడలేదు. మా వాళ్ళ పెళ్ళిళ్ళు ఒంగోలు దాటవు, నా బేరాలు విజయవాడ దాటవు. చార్మినారు అన్నమాట విన్నప్పటి నుంచి నాకు లోపల సరదాగానే ఉంది. మా షాపులో అందరికీ చెప్పాను కూడా.

ఉదయం వెళ్ళి సాయంత్రం బండికి తిరిగి రావాలని అనుకున్నాం. నాన్న ముందురోజే మా ఇంటికి వచ్చాడు. మిరపకాయల రోజులు. మా ఆయన కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్, ఆ నెలల్లో ఆయన చొక్కా ఉతికినా ఘాటు పోదు. తెల్లవారుజామున మమ్మల్ని స్టేషన్‌లో దించుతూ, "మామయ్యా, ఆ కర్రని లోపలికి రానిస్తారంటారా?" అని అడిగాడు. నాన్న విల్లును పాత దుప్పటిలో చుట్టి, మూడు చోట్ల తాడుతో కట్టాడు. దాన్ని చూస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజమే.

రైల్లో ఆ అనుమానం వచ్చింది కూడా. ఎదుటి సీట్లో కాలేజీ కుర్రాడు కాసేపు చూసి, "ఏం వాయిద్యం పెద్దాయనా అది?" అన్నాడు.

"వాయిద్యమే బాబూ. పాట రాదు, అంతే" అన్నాడు నాన్న.

సత్తెనపల్లిలో ఎక్కిన ఒక పెద్దమనిషి మాత్రం మూట ఆకారం చూసే పోల్చుకున్నాడు. "దూది ఏకేదాండీ?" అని అడిగి, దుప్పటి మీది నుంచే చేత్తో తడిమి, నాన్న పక్కన సర్దుకుని కూర్చున్నాడు. "మా ఊరు వచ్చేవాళ్ళండీ ఎండాకాలం. మా వసారాలోనే దిగేవాళ్ళు. ఆ చప్పుడుకి మధ్యాహ్నం మా నాయనకి నిద్ర పట్టేది కాదు, మాకేమో అదే జోలపాట." తర్వాత ఇద్దరూ ఎక్కడెక్కడి ఊళ్ళ పేర్లో చెప్పుకుంటూ పోయారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏరేసిన పత్తి చేలల్లో మోళ్ళు ఎండి నిలబడి ఉన్నాయి. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఎండ ఇంకా రాకముందే ఆడవాళ్ళు తలకు గుడ్డలు చుట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ ఆ పనికి వెళ్ళినదాన్నే. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంటే నాన్న పక్కన కూర్చుని విసిరేవాడు. కృష్ణ దాటాక నేల రంగు మారింది. బండరాళ్ళ గుట్టలు మొదలయ్యాయి. నాన్న మాటలు ఆపి బయటికి చూశాడు.

సికింద్రాబాదులో దిగేసరికి ఆ జనాన్ని చూసి నేను ఒక్క క్షణం తడబడ్డాను. నాన్న ఒక చేత్తో విల్లు, ఇంకో చేత్తో నా సంచి పట్టీ పట్టుకుని నడిచాడు. నేను ఆయన్ని తీసుకొచ్చానో, ఆయన నన్ను తీసుకొచ్చాడో అక్కడున్న వాళ్ళెవరూ చెప్పలేరు.

బయట ఒక ఆటో అతను నాన్న టోపీ, గడ్డం చూసి, "కిధర్ జానా చాచా?" అంటూ ఎదురొచ్చాడు. నేను తెలుగులో అడ్రసు చెప్పాను. విల్లు వెనక సీట్లో అడ్డంగా పట్టలేదు, ఏటవాలుగా పెడితే ఒక కొస బయటికి వచ్చింది. దాని మీద చెయ్యి వేసి పట్టుకుని కూర్చున్నాను. ఆటో అతను మాత్రం దారి పొడుగునా నాన్నతో ఉర్దూలోనే మాట్లాడుతున్నాడు. నాన్న కాసేపు తల ఊపాడు. చివరికి ఉండబట్టలేక, "బాబూ, నాకు ఆ భాష రాదయ్యా" అన్నాడు.

అతను సగం వెనక్కి తిరిగి చూశాడు. "మీరు ముస్లిములే గదా?"

"ఆఁ, అవును."

"మరి ఉర్దూ రాకపోవుడేంది?"

"మాది గుంటూరు అవతల. నమాజు అరబ్బీలో, మిగతాదంతా తెలుగులో" అన్నాడు నాన్న.

అతను గట్టిగా నవ్వాడు. "మంచిదే చాచా, అల్లాకు అన్ని భాషలొస్తయ్" అని, అప్పటి నుంచి తెలుగులోనే మాట్లాడాడు. ఆ ఊళ్ళో మమ్మల్ని మొదట పలకరించిన మనిషి అతనే. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తుంది.

ఫ్లైఓవరు ఎక్కి, దిగి, ఇంకోటి ఎక్కాం. మెట్రో స్తంభాలు నడిరోడ్డులో వరసగా వస్తూనే ఉన్నాయి. అద్దాల మేడలు, వాటిలో ఇంకొన్ని అద్దాల మేడల నీడలు. రోడ్డు పక్కన పెద్ద పరుపుల షోరూము ఒకటి కనిపిస్తే నాన్న మెడ తిప్పి అది దాటిపోయేదాకా చూశాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, బస్సుల్లో, బైకుల మీద, ఫుట్‌పాతుల మీద ఉన్న ఆ జనాన్నంతా చూసి, "ఇంతమందీ ఎక్కడ పడుకుంటారమ్మా?" అని అడిగాడు.

అత్త అపార్టుమెంటు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది, మనిషి సగమైంది, గొంతు మాత్రం తగ్గలేదు. ఆటో ఆగకముందే, "ఏందయ్యా ఇంత లేటు! ఏమే కోడలా, ఎంత లావయ్యావే!" అని అరిచింది. సెక్యూరిటీ అతను ఏ ఫ్లాటని అడుగుతుంటే, "మా తమ్ముడయ్యా, ఏందయ్యా నీ అడగడం" అని అతన్ని పక్కకు జరిపింది. అతను నాన్నను, అత్త నుదుటి బొట్టును మార్చి మార్చి చూసి గేటు తీశాడు.

ఇంట్లో కొడుకూ కోడలూ డ్యూటీలకు వెళ్ళిపోయారు. అత్త మాకు ఇడ్లీ పెట్టింది. పచ్చడి మన ఊరి మిరపకాయలతో చేసిందేనని, ఇక్కడి కారానికి రంగే తప్ప రోషం లేదని చెప్పింది. ఆమె గదిలో మంచం మీద ఆ పరుపు ఉంది. నాన్న దగ్గరికి వెళ్ళి అరచేత్తో ఒకచోట నొక్కాడు, ఇంకోచోట నొక్కాడు. మూలల కుట్టు వేలితో వెతుక్కున్నాడు. అది ఆయన కుట్టిన కుట్టే. తన పెళ్ళి కాకముందు కుట్టింది.

పని తొమ్మిదో అంతస్తు పైన, డాబా మీద చేద్దామన్నారు. గలేబు విప్పితే దూది పసుపు పచ్చగా, ఉండలు ఉండలుగా ఉంది. దాన్ని ఎండలో పరిచి కర్రతో చిన్నగా కొట్టి, నాన్న దుప్పటి విప్పి విల్లు తీశాడు. వచ్చే ముందు కొత్త నారి బిగించాడు. గొంతుక్కూర్చుని, విల్లు ఎడమచేత్తో పట్టుకుని, గూటంతో మీటాడు.

ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. మా ఇంటి ముందు వేపచెట్టు కింద నాన్న ఏకుతుంటే, అమ్మ గలేబు కుడుతుంటే, నేను స్కూలు నుంచి సందు మలుపు తిరగ్గానే ఆ చప్పుడు ముందుగా వినిపించేది. అది వినిపిస్తే నాన్న ఇంట్లో ఉన్నట్టు. వినిపించకపోతే ఏ ఊరో వెళ్ళినట్టు. వినిపించిన రోజు చివరి వంద గజాలు పరుగెత్తేదాన్ని.

కాసేపటికి దూది విడిపోవడం మొదలైంది. అయితే ఆ ఎత్తులో గాలి ఎలా ఉంటుందో మేం లెక్కవేసుకోలేదు. ఒక్క విసురుకి తెల్లటి పోగులు పైకి లేచి, పిట్టగోడ దాటి, ఎండలో మెరుస్తూ కిందికి పోయాయి. చూడ్డానికి అందంగానే ఉంది. నేను దుప్పటి అడ్డం పట్టుకున్నాను, అత్త చీర కొంగు అడ్డం పెట్టింది. ఆగలేదు.

మొదట ఒక చిన్నమ్మాయి లాంటి తల్లి, చంకలో పిల్లవాడితో పైకి వచ్చింది. "అంకుల్, ఏమనుకోకండి. మా బాబుకి ఆయాసమండి. ఏసీ దగ్గర్నుంచి దూది లోపలికి వస్తోంది" అంది. పిల్లవాడి గొంతులో గురక వినిపిస్తూనే ఉంది. నాన్న వెంటనే విల్లు కింద పెట్టేశాడు. ఆమె వెనకే అపార్టుమెంటు సంఘం పెద్దాయన వచ్చాడు. ఎవరిని అడిగి ఈ పని పెట్టారు, కింద కార్లన్నీ పాడవుతున్నాయి, ఇదేమన్నా పల్లెటూరా అని కేకలేశాడు.

అత్త నడుముకు చెయ్యి పెట్టుకుంది. "ఏందయ్యా అరుస్తున్నావు? దూదే కదా పడింది, నిప్పులేమన్నా పడ్డాయా? మొన్న మీ మనవడి పుట్టినరోజుకి మైకులు పెట్టి మమ్మల్ని పడుకోనిచ్చారా?"

"వద్దక్కా" అన్నాడు నాన్న.

"నువ్వుండు. నా పరుపు నేను..."

"పసిబిడ్డకి ఆయాసమంటే ఇంక నేను విల్లు పట్టుకోలేనక్కా. వదిలెయ్."

ఆయన ఆ తల్లికి దణ్ణం పెట్టాడు. ఆమె కంగారుపడి, "అయ్యో, మీరెందుకండీ" అని వెళ్ళిపోయింది. పెద్దాయన కూడా ఆమె వెనకే దిగిపోయాడు. మేం ముగ్గురం మెట్ల గదిలోకి వచ్చి, దూదినంతా దుప్పట్లలో మూటలు కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. సగం ఏకింది ఒక మూట, సగం ఏకనిది ఒక మూట. నాన్న గడ్డం నిండా దూది పోగులు. తీసుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"ఊరికి తీసుకుపోతానక్కా. అక్కడ చేసి పంపిస్తా" అన్నాడు.

అత్త ఏకని మూటను ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది.

డాబా ఊడ్చడానికి వచ్చిన వాచ్‌మన్ భార్య చీపురు పట్టుకుని అక్కడే నిలబడి అంతా వింది. నల్గొండ వైపు మనిషి. "మా రూముల చేస్కోండ్రి పెద్దాయనా" అంది. "కింద సెల్లారుల ఉన్నది. కిటికీల్లేవు, తలుపేస్కుంటే ఎటూ పోదు. ఎవ్వలేమనరు."

"నీ ఇల్లంతా దూదైపోతుందమ్మా" అన్నాడు నాన్న.

"అయితేమాయె, ఊడ్సుకుంట. నా పనే ఊడ్సుడు గదా."

అది ఇల్లు కాదు, మోటార్ల గది పక్కనున్న ఒక గది. అందులో మంచం లేదు. ఒక మూల స్టవ్వు, బియ్యం డబ్బా, ఇంకో మూల మడతపెట్టిన పక్కబట్టలు, తాడు మీద బట్టలు, గోడకు ఒక దేవుడి పటం. ఆమె అన్నిటినీ ఒక మూలకు జరిపి, మీద పాత చీర కప్పింది. బల్బు వేసి తలుపు దగ్గరికి వేశాం. అందరం ముక్కుకు గుడ్డలు కట్టుకున్నాం. అత్త బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఇంట్లోకి వెళ్ళి పడుకోమంటే వినలేదు.

మూసిన గదిలో విల్లు చప్పుడు వేరేగా ఉంది. గోడలకు తగిలి గుండెల్లో మోగుతున్నట్టుంది. కొంచెం కొంచెంగా దూది లేస్తూ వచ్చింది. పసుపుపచ్చ పోయి లోపలి తెలుపు బయటపడింది.

"మా చేలో మొదటి తీత పత్తి అది" అంది అత్త. "నేనూ మా అత్తా తీశాం. ఆ ఏడు కాపు బాగుంది. అమ్మేయడానికి బండి కడుతుంటే మా అత్తే ఒక బోరెం బస్తా నిండా పక్కన పెట్టించింది, కొత్త కోడలికి పరుపని."

"మీ అత్తగారు నాకు మజ్జిగన్నంలో పండుమిరపకాయ పచ్చడి వేసింది" అన్నాడు నాన్న, చెయ్యి ఆపకుండానే. "నోరు మండి రెండు చెంబుల నీళ్ళు తాగా. నువ్వు తలుపు చాటున నవ్వావు."

"నవ్వానా! నాకు గుర్తులేదు."

"నవ్వావు. నాకు కోపమొచ్చింది. నాలుగు రోజులు అక్కా అని పిలవలా."

అత్త అప్పుడు నవ్వింది. మూతికి కట్టుకున్న గుడ్డలోంచి కూడా ఆ నవ్వు వినిపించింది. వాచ్‌మన్ భార్య తలుపుకు ఆనుకుని వింటూ, "మా ఊర్ల గూడ వచ్చేటోల్లు. మా అమ్మ పాత చీరెలిచ్చి బొంత కుట్టించుకున్నది" అంది. ఆమె ఆ బొంత రంగులు ఒక్కొక్కటీ చెప్పింది. అలా వాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ ఊరు ఒకళ్ళకు చెప్పుకుంటున్నారు. నేను గలేబు చిరుగులకు అతుకులు వేస్తూ విన్నాను. పైన కార్లు వచ్చిపోతున్న చప్పుడు అప్పుడప్పుడూ వినిపించేది. లేకపోతే అది ఏ ఊరో నేను మర్చిపోయేదాన్నే.

ఇంకా మూడో వంతు దూది మిగిలి ఉండగా చప్పుడు మారింది. నేను తలెత్తి చూశాను. నాన్న భుజం వణుకుతోంది. గూటం నారికి తగలకుండా జారుతోంది. ఒకసారి ఆగి, చెయ్యి విదిలించి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగింది. ఈసారి విల్లు ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. ముఖమంతా చెమట.

"ఇంతేనమ్మా" అన్నాడు. నాతో అన్నాడో, అత్తతో అన్నాడో తెలియదు.

నేను సూది పక్కన పెట్టి లేచాను. చిన్నప్పుడు ఆ విల్లు పట్టుకుంటానని ఎన్నిసార్లు అడిగానో. "ఆడపిల్లవి, నీకెందుకు? నువ్వు కుట్టు నేర్చుకో" అనేవాడు. మా ఇళ్ళల్లో కుట్టు ఎవరైనా కుడతారు, ఏకేది మాత్రం మగవాళ్ళే. అమ్మ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని మీటలేదు. నేను ఎదురుగా నిలబడి చెయ్యి చాపాను. నాన్న నా చెయ్యి వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు.

"బరువుంటది" అన్నాడు.

"తెలుసు."

"సరే, పట్టుకో."

మొదటి దెబ్బకు అది మోగలేదు, దబ్‌మంది. రెండోసారి నారి వచ్చి నా వేలి కణుపుకు కొట్టుకుంది, చర్మం లేచింది. అత్త అయ్యో అంది. నాన్న వెనకగా వచ్చి కూర్చుని, నా ఎడమ మోచెయ్యి కింద తన చెయ్యి పెట్టి కొంచెం పైకెత్తాడు. "కొట్టకు. తగిలీ తగలనట్టు మీటి లాగేయ్" అన్నాడు. చాలాసార్లు తప్పింది. ఏదో ఒకసారి, ఎలా వచ్చిందో నాకే తెలియదు, టుంయ్‌మని సరిగ్గా మోగింది. దూది నా ముందు మెత్తగా కదిలింది. "ఆఁ, అదీ" అన్నాడు నాన్న, వెనక నుంచి చెయ్యి తీసేస్తూ. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. గదినిండా దూది ఎగురుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మిగిలిన దూది నేనే ఏకాను. నాన్న అంత నున్నగా రాలేదు. అక్కడక్కడా ఉండలు మిగిలాయి. నాన్న వాటిని వేళ్ళతో విడదీస్తూ కూర్చున్నాడు. తర్వాత గలేబులో పొరలు పొరలుగా సర్ది, కర్రతో తట్టి సమం చేశాడు. ఒక వైపు నేను, ఒక వైపు అత్త, ఒక వైపు వాచ్‌మన్ భార్య సూదులు పట్టుకుని అంచులు కుట్టాం. ఆమె కుట్టు పెద్దపెద్దగా, వంకరగా ఉంది. నాన్న దాన్ని విప్పమనలేదు. మిగిలిన దూదిని నా దగ్గరున్న గుడ్డముక్కలతో చిన్న దిండుగా కుట్టి ఆమె పక్కబట్టల మీద పెట్టాడు. "గివన్ని ఎందుకు పెద్దాయనా" అంటూనే ఆమె దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది.

పని అయ్యేసరికి బండి టైము దగ్గరపడింది. చార్మినారు మాట ఎవరూ ఎత్తలేదు. పరుపును నేల మీద పరిచాక నాన్న, "చూడక్కా, ఎట్టుందో" అన్నాడు. అత్త ఆ గది నేల మీదే, దాని మీద పడుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. "ఎత్తుగా లేచిందే" అంది. కళ్ళు మూసుకుంది. మేం విల్లు చుట్టుకుంటూ, సూదులు ఏరుకుంటూ, గడ్డంలోంచి, జుట్టులోంచి దూది తీసుకుంటూ ఉన్నాం. కాసేపటికి చూస్తే ఆమె నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోతోంది.

నేను లేపబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను చెప్త. మీరు పోండ్రి, బండి పోతది" అంది వాచ్‌మన్ భార్య గుసగుసగా. ఆమే బయటికొచ్చి మాకు ఆటో ఆపింది.

తిరుగు దారిలో ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్కులో ఆగాం. అంత నీళ్ళు, మధ్యలో నిలబడ్డ బుద్ధుడు. మేం ఆ ఊళ్ళో చూసిన వింత అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే, అదీ ట్రాఫిక్కు పుణ్యాన. బండి ఎక్కి కూర్చున్నాక, ఇంకా వెలుగుండగానే అత్త ఫోన్ వచ్చింది.

"దొంగల్లాగా చెప్పకుండా పోతారా! నాకు చీర పెట్టే పని కూడా లేకుండా చేశారు. ఏమే, నువ్వన్నా లేపొద్దూ?"

నాన్న ఫోన్ తీసుకున్నాడు. "లేపబుద్ధి కాలేదక్కా."

"మంచి నిద్ర పట్టింది తమ్ముడూ" అంది అత్త, మామూలు మనుషులు మాట్లాడేంత గొంతుతో. "చాలా రోజులైంది."

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. నాన్న భుజం ఆ తర్వాత పూర్తిగా బాగుపడలేదు. నూనె రాసి, కాపడం పెట్టి అమ్మ ఆయన్ని ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది. నేను మా అమ్మాయి చదువు పనుల మీద హైదరాబాదు నాలుగైదుసార్లు వెళ్ళాను. చార్మినారు చూశాను, గాజులు కొన్నాను, మెట్రో ఎక్కాను. అత్తను కలవకుండా ఎప్పుడూ రాలేదు. కానీ ఆ ఊరు నాకు తర్వాతెప్పుడూ మొదటి రోజున్నంత దగ్గరగా లేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన మర్నాడు నాన్నను మార్టూరు బస్సులో ఒక్కణ్ణే పంపకుండా నేనే ఇంటిదాకా వెంట వెళ్ళాను, చెయ్యి నొప్పిగా ఉందన్నాడని. అమ్మ టీ పెట్టి ఇచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అయితే ఏం చూశావయ్యా హైదరాబాదులో?"

నాన్న టీ ఊదుకుంటూ ఆలోచించాడు. ఫ్లైఓవర్ల గురించి చెబుతాడనుకున్నాను, ఆటో అతని గురించో, బుద్ధుడి గురించో చెబుతాడనుకున్నాను.

"తొమ్మిదంతస్తుల పైకెక్కి చూశానే. కనుచూపు మేరా డాబాలే. అన్నిటి మీదా బట్టలారేసుకున్నారు, నీళ్ళ ట్యాంకులు పెట్టుకున్నారు. అంత మంచి ఎండ కాస్తుంటే ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పరుపు ఎండేసుకోలేదు."

"నీకు అదే కనిపించిందా?" అంది అమ్మ.

"మరి ఎండ వృథా పోవట్లా?" అన్నాడు నాన్న. అమ్మ నవ్వి, ఆయన గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది.